యాకన్న చేతిని ఎవరూ ఏమీ అనలేదు

ఆరేళ్లుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రేపు ఈ పరాయి దేశంలో పెద్ద ఆర్కెస్ట్రా మధ్య నిలబడి నేను డప్పు కొట్టాలి. వయొలిన్ల వాళ్లు నన్ను 'మాస్టర్' అంటున్నారు. నవ్వొస్తుంది. తొర్రూరులో కిరాణా కొట్టు వాళ్ల కొడుకుని. నూనె డబ్బాల మీద దరువేసి నాయిన చేత తిట్లు తిన్నవాణ్ణి. కొట్టోళ్ల పిలగానికి డప్పెందుకని ఊరంతా నవ్వితే, నవ్వకుండా నేర్పింది దేవరుప్పుల యాకన్న ఒక్కడే. కొట్టువాళ్ల పిల్లాణ్ణని నన్ను 'సేటూ' అని పిలిచేవాడు. తర్వాత ఏళ్ల తరబడి ఇద్దరం జంటగా తిరిగి కొట్టాం.

ఈ ఆర్కెస్ట్రా వాళ్లు మొదటిసారి పిలిచినప్పుడు ఒక్కరికే చోటుందన్నారు. చెరొక వీడియో పంపమన్నారు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణి కాబట్టి వాళ్ల ఉత్తరాలన్నీ నాకే వచ్చేవి.

ఆ రోజు ముసురు. యాకన్న ఇంటి వసారాలో గడ్డి మంట వేశాం. తడిగాలికి డప్పు తోలు మెత్తబడుతుంది, మంట దగ్గర కాచితేనే ఖంగుమంటుంది. ముందు నా డప్పును తనే కాచిచ్చాడు. నేను కొట్టాను. అతని వంతు వచ్చేసరికి మంట ఆరిపోయింది.

"జర ఆగు సేటూ, ఇంత గడ్డి దెస్త. తోలు సల్లవడ్డది."

"ఫోన్ల చార్జింగ్ అయిపోతున్నదన్నా. గట్లనే కొట్టు."

"మంచిగ ఇనవడ్తదా మరి?"

"నీ చేతికి మంటెందుకే?"

మురిసిపోయాడు. కొట్టాడు. బియ్యం బస్తా మీద కొట్టినట్టు వచ్చింది చప్పుడు. ఫోన్లో చార్జింగ్ సగానికి పైగా ఉంది.

కావాలని అన్నానా? నోటికొచ్చి అన్నానా? నోటికొచ్చిందనే చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ నాయిన అమ్మదలచిన బియ్యం పక్కన కాస్త మాసిన రకం పోసి చూపించడం చూస్తూ పెరిగినవాణ్ణి, దేని పక్కన ఏది మెరుస్తుందో నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. నన్ను ఎంచుకున్నారని తెలిశాక యాకన్న ఒకటే అడిగాడు. తోలు చల్లగా ఉండబట్టేనా, మళ్లీ కాచి కొట్టి పంపుదామా అని. పంపితే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే, తోలు సంగతి కాదన్నా, నీ చేయి పాతబడిందని రాశారు అన్నాను. ఉత్తరంలో అలాంటి మాటే లేదు. అతను చదవలేడు. నేను చదివిందే నమ్మాడు. కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

తర్వాత డప్పు ముట్టలేదు. పెళ్లికి పిలిచినా, చావుకు పిలిచినా పోడు. జనగామ మార్కెట్లో పత్తి బస్తాలు మోస్తున్నాడు. నన్ను మాత్రం అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

నిన్న ఫోన్ చేశాడు. అక్కడ చలి ఎక్కువట కదా, తోలు మంచిగా కాపుకో అన్నాడు. 'సరే అన్నా' అన్నాను. అంతకంటే మంచి సందు దొరకదు. అయినా చెప్పలేదు.

అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీ దగ్గర నాకు పోయేదేమీ లేదు కదా. ఇక్కడా బేరమే చూసుకున్నాను. క్షమించమని అడగను. ఒక్కసారి రాయనివ్వండి, చాలు: వాళ్లు యాకన్న చేతిని ఏమీ అనలేదు. ఆ మాట అన్నది నేను.