నీలం జెండా వంతు

ఒకసారి వ్యాను డ్రైవరొకడు ఫొటో స్టూడియో గుమ్మానికి అడ్డంగా బండి పెట్టి, తీయమన్నందుకు మా అల్లుడి మీదే విరుచుకుపడ్డాడు. అల్లుడంటే మా అక్క కూతురి మొగుడు. ఆ స్టూడియో అతనిదే.

అతను చేతులు కట్టుకుని, "పూర్తిగా తిట్టండి. నేను మధ్యలో రాను," అన్నాడు.

డ్రైవరు నోటికొచ్చినదంతా తిట్టాడు.

"అయిందా? ఇంకేమైనా మిగిలిందేమో చూసుకోండి."

డ్రైవరు వెతుక్కుని ఇంకో రెండు తిట్టాడు.

"ఇప్పుడు నా వంతు. బండి తీయండి. అయింది. ఇక మీ వంతు."

ఎదుటివాడు గాలి ఊదకపోతే నిప్పెంతసేపు మండుతుంది? డ్రైవరు బండి తీసుకుపోయాడు. నా నోటికి భయపడని వాళ్ళు మా వీధిలో లేరు. అయినా ఇంత చవగ్గా గెలిచిన తగాదాను నేనెన్నడూ చూడలేదు.

ఈ విద్య అతనికి కంప్యూటర్ ఆటలో అబ్బింది. నేను బడికి పోయింది తక్కువే గాని, చూసి చూసి ఆ ఆట నాకూ తెలిసింది. కోటలు, బంగారు గనులు, మంత్రగాళ్ళు, డ్రాగన్లు, కత్తులు పట్టిన అస్థిపంజరాలు. ఒకడిది ఎర్రజెండా, ఇంకొకడిది నీలం జెండా. ఒకడు తన సైన్యాన్ని జరిపి "అయింది" అని నొక్కేదాకా రెండోవాడు ముట్టుకోకూడదు, చూడకూడదు, గోడవైపు తిరిగి కూర్చోవాలి. పెళ్ళయిన కొత్తలో మా అల్లుడూ అతని బావమరిదీ అలాగే ఆడేవాళ్ళు. బావమరిది మా అక్క కొడుకే, ప్లంబరు. గోడకేసి చూస్తున్న కొత్త అల్లుణ్ణి చూసి, పెళ్ళాం తిట్టిందనుకుని ఓదార్చి పోయినవాళ్ళున్నారు.

ఒకరోజు ప్లంబరు తన వంతు మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి వచ్చేసరికి వాడి డ్రాగన్ కనిపించలేదు.

"నా వంతులో వేలు పెట్టావు బావా!"

"నేను గోడకేసి చూస్తున్నానురా!"

"మరి డ్రాగన్ ఏమైంది?"

"నాకేం తెలుసు? దానికి రెక్కలున్నాయిగా!"

"దొంగాట ఆడేవాడి గడప తొక్కను," అని ప్లంబరు చెప్పులేసుకుని పోయాడు. మా అల్లుడు నోరు మెదపలేదు.

వాడు మళ్ళీ రాలేదు. ఆ తరవాత స్టూడియో వెనక కుళాయి కారడం మొదలైంది. తమ్ముడు ప్లంబరై ఉండి బయటివాణ్ణి పిలవనంటుంది మా పిల్ల. ఉన్న ప్లంబరేమో రాడు. కుళాయి కింద బక్కెట్లు మారాయి, పిల్ల జుట్టు నెరిసింది, కుళాయి మాత్రం కారుతూనే ఉంది.

మొన్న అటక దులుపుతుంటే ఆ పాత కంప్యూటర్ దొరికింది. పాత ఫొటోల కోసం బాగుచేయించి ఆన్ చేస్తే, ఆట ఆగినచోటే ఉంది. నీలం జెండా వంతు, అంటే ప్లంబరుది. మా అల్లుడు చటుక్కున కుర్చీ తిప్పి గోడవైపు కూర్చున్నాడు. ఫొటోలకు వచ్చినవాళ్ళు అతని వీపుతో మాట్లాడి పోతున్నారు.

మా పిల్ల కబురుపెడితే వెళ్ళాను.

"అత్తయ్యా," అన్నాడు తల తిప్పకుండా, "డ్రాగన్ కనిపిస్తోందా?"

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. "నీలం కోట వెనకాల ఏదో తోక ఉంది."

"వాడే అక్కడ పెట్టి మరిచిపోయాడన్నమాట! వాడొచ్చి కళ్ళారా చూస్తే చాలు."

"అయితే పోయి పిలవండి. నా తమ్ముణ్ణి నేను చూసి ఎన్నేళ్ళయింది!" అంది మా పిల్ల.

"ఎలా పిలుస్తాను? వాడి వంతు కదా. పాపం నా సైన్యం కూడా ఎదురుచూస్తోంది."

"ఆ అస్థిపంజరాలా? మొదట్లో మనుషులే అయ్యుంటారు. మీ వంతుల కోసం చూసి చూసి అలా అయ్యారు," అంది మా పిల్ల.

నాకు ఒళ్ళు మండింది. "ఆటలో వంతు వాడిదే అల్లుడూ. మాటలో ఎవరిది? గడప తొక్కనన్నది వాడు. దానికి నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

"మరి వంతెవరిది?"

అతను వేళ్ళు మడుచుకుంటూ ఆనాటి తగాదా మొదటినుంచీ గొణుక్కున్నాడు. చివరి వేలు దగ్గర ఆగిపోయాడు.

"అయ్యయ్యో! ఇన్నాళ్ళూ వాడు నా కోసం ఆగి ఉన్నాడా?"

లేచి, కంప్యూటర్ వైపు చూడకుండా గోడ పట్టుకుని గుమ్మం చేరాడు. చెప్పులు వేసుకున్నాడు.

"అత్తయ్యా, ఈ కుర్చీలో మీరు కూర్చోండి. వాణ్ణి తీసుకొచ్చేదాకా ఎవర్నీ ముట్టనివ్వకండి. మీ అమ్మాయిని కూడా."

"సరే, పో."

రెండడుగులు వేసి మళ్ళీ వచ్చాడు. "నేనొక్కణ్ణే తిరిగొస్తే నన్నూ ముట్టనివ్వకండి. వినకపోతే కొట్టండి."

"ఆ పని సంతోషంగా చేస్తాను. ముందు నడు."

వీధి మలుపు దాకా పోయినవాడు అక్కణ్ణుంచి కేకేశాడు.

"అత్తయ్యా! మీరు మాత్రం గోడవైపు తిరక్కండి! డ్రాగన్ మీద ఓ కన్నేసి ఉంచండి. దానికి రెక్కలున్నాయి!"