గోవా బఫేలో అమ్మమ్మ అడిగిన మెత్తటన్నం

మా చిన్నప్పుడు... గోవాలో ఒక పెద్ద కాసినో హోటల్లో, తెల్లటి గుడ్డ పరిచిన బల్ల చుట్టూ మేమంతా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాం. మా పెదనాన్న మాత్రం పళ్ళెం మీద పళ్ళెం నింపుకొస్తున్నారు.

నేనప్పుడు ఏడో తరగతి. సెల్‌ఫోన్లకి ఇంకా బటన్లుండే రోజులు...

పెదనాన్నంటే మా పెద్దమ్మ భర్త. కొల్లేరు పక్కన చేపల చెరువులుండేవి. వీలైనప్పుడల్లా స్నేహితులతో గోవా వెళ్ళి పేకాడేవారు. అంతగా ఆడేవాళ్ళకి ఆ హోటల్ వాళ్ళే గది, భోజనం ఉచితంగా ఇచ్చేవారు. ఆ సంగతి ఆయన ఏదో సన్మానం జరిగినట్టు ఊరంతా చెప్పుకునేవారు! ఆ వేసవిలో మమ్మల్నీ రమ్మన్నారు. మా నాన్న ఏలూరులో మిషన్ స్కూల్ లెక్కల మాస్టారు. ఆయనకి సుతరామూ ఇష్టం లేదు. కానీ గోవాలో పాత చర్చిలు చూడాలని అమ్మమ్మకి ఎన్నాళ్ళ నుంచో కోరిక... అందుకని ఒప్పుకున్నారు.

ఇక ఆ బఫే...! గది పొడవునా మూతలు పెట్టిన వెండిరంగు పాత్రలు. మంచుగడ్డతో చేసిన హంస ఒకటి, చెమటలు కారుస్తూ. ఆ హంసని తప్ప అన్నిటినీ పళ్ళెంలోకి ఎత్తారు పెదనాన్న. కొల్లేటి ఒడ్డున పుట్టి, చేపల మీద బతికే మనిషి... ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన చేప మీద నిమ్మచెక్క పిండుకుని, "అబ్బ! ఇదీ చేపంటే" అన్నారు. అదే చేపని ఇంట్లో పెద్దమ్మ అలా వండిపెడితే కంచం విసిరికొట్టేవారు. సగం తిని, సగం వదిలి, మళ్ళీ కొత్త పళ్ళెం. పక్క బల్ల మీద ఆయన పేకాట స్నేహితులూ అంతే. ఎవరు ఎక్కువ వదిలేస్తే వాళ్ళే గొప్ప అన్నట్టు!

అమ్మమ్మకి అప్పటికే పళ్ళు లేవు. చాలాసేపు చూసి, పెదనాన్నని మెల్లగా అడిగింది.

"బాబూ, కాస్త మెత్తటన్నం, పెరుగు ఉంటాయేమో అడుగుతారా?"

పెదనాన్న పక్క బల్ల వైపు ఓసారి చూశారు. అక్కడ ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏంటండీ అత్తయ్యగారూ, ఇక్కడిదాకా వచ్చి పెరుగన్నమా? నలుగురిలో నా పరువు తీస్తారా ఏంటి! తింటే ఆ రొయ్యలు తినండి, లేకపోతే ఊరుకోండి."

అమ్మమ్మ చీరకొంగు సర్దుకుంది. ఖాళీ పళ్ళాన్ని కొద్దిగా ముందుకు జరిపింది... అంతే. పెద్దమ్మ తలెత్తలేదు.

నాన్న లేచి వెళ్ళి, వంటగది తలుపు దగ్గర ఒకావిడతో వచ్చీరాని హిందీలో ఏదో మాట్లాడారు. ఆవిడ లోపలికెళ్ళి, పనివాళ్ళ కోసం వండుకున్న అన్నం ఒక గిన్నెలో, పెరుగు ఇంకో గిన్నెలో తెచ్చిచ్చింది.

"పనోళ్ళ కూడు తెచ్చి నా బల్ల మీద పెడతావా మాస్టారూ?" అన్నారు పెదనాన్న, అందరికీ వినపడేలా.

"మీ బల్ల మీద పెట్టన్లెండి అన్నయ్యగారూ" అన్నారు నాన్న. గొంతు పెంచలేదు. అమ్మమ్మని చెయ్యిపట్టి లేపి, మూలనున్న బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. అమ్మ కూడా లేచింది. నన్ను చూసి, "రా అమ్మా" అంది.

నేను వెళ్ళలేదు.

నా ముందు మూడు రకాల కేకులున్నాయి. పక్కనే చాక్లెట్ ఫౌంటెన్... "అదీ తెలివంటే!" అంటూ పెదనాన్న నా వీపు తట్టారు. నేను తలవంచుకుని తిన్నాను. మూల బల్ల దగ్గర నాన్న అన్నం మెదిపి పెడుతుంటే, అమ్మమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం కనిపించింది. అయినా తిన్నాను.

బయటికొచ్చాక అమ్మమ్మ తన కొంగుతో నా మూతి తుడిచింది. "కడుపు నిండిందా తల్లీ?" అని అడిగింది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎక్కడా లేదు. ఉన్నా బాగుండేది...

నాన్న మళ్ళీ ఎప్పుడూ పెదనాన్నతో కలిసి భోజనానికి కూర్చోలేదు. పెదనాన్నకి అది ఎందుకో ఈ రోజుకీ తెలియదు. తెలుసుకునే మనిషీ కాదు. అమ్మమ్మ ఆ మరుసటేడు పోయింది. క్షమించమని నేను అడగనేలేదు.

ఇప్పుడు గోవాదాకా వెళ్ళక్కర్లేదండీ. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో ఏ ఫంక్షన్ హాలుకెళ్ళినా అదే తంతు... అదే మంచు బొమ్మ, సగం తిని పడేసిన అవే పళ్ళేలు. ఒకప్పుడు పెద్దవాళ్ళని ముందు బంతిలో కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డించేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళే ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో కర్ర పట్టుకుని, కూర్చోడానికి కుర్చీ కోసం వెతుక్కుంటున్నారు.

మీరూ ఎప్పుడైనా, ఎవరినైనా అలా ఒక మూల బల్ల దగ్గర వదిలేశారా? నాది నేను చెప్పేశాను... మీకూ ఉంటే చెప్పండి.