శుక్రవారం రికార్డింగులు

దయ్యాలంటే నాకు నవ్వే. నార్పోలిలో పవర్‌లూమ్ షెడ్డు పక్కనే పుట్టి పెరిగాను. ఆ మగ్గాల మోతలో దయ్యమే వచ్చి గొంతు చించుకున్నా ఎవరికి వినపడుతుంది?

అమ్మ ముప్పై ఏళ్ళు ఆ షెడ్డులో కండెలు చుట్టింది. అక్కడ ఎవరూ గొంతెత్తరు. పెదవులు కదిపితే చాలు, ఎదుటివాళ్ళు చదువుకుంటారు. ఆ అలవాటు అమ్మకు ఇంట్లోనూ పోలేదు.

పదకొండేళ్ళ క్రితం మా అక్క లావణ్య, అమ్మ వద్దన్న అబ్బాయిని చేసుకుని టెంఘర్ వెళ్ళిపోయింది. రిక్షా ఎక్కితే ఎంతో సేపు పట్టదు. అయినా అమ్మ మళ్ళీ దాని పేరెత్తలేదు.

కిందటేడు అమ్మకు గుండె ఆపరేషన్ తప్పదన్నారు. డాక్టరు గట్టిగా భరోసా ఇవ్వలేదు. అక్కను పిలుద్దామా అని అడిగితే, "నాకున్నది ఒక్క బిడ్డనే" అంది. మొండిఘటం!

ఆపరేషన్‌కు ముందు శుక్రవారం, మగ్గాలకు సెలవు. బస్తీ అంతా కునుకు తీస్తున్నట్టుంది. కిటికీలోంచి పడ్డ ఎండలో దూది నలుసులు నెమ్మదిగా తేలుతున్నాయి.

అమ్మకు చదువు రాదు. నా ఫోన్లో మైకు నొక్కి వంటల వీడియోలు అడుగుతుంది. ఒకసారి వంకాయ అందంటే ఆ మాయదారి ఫోను వారమంతా నాకు వంకాయలే చూపిస్తుంది. ఆ మధ్యాహ్నం కూడా మైకు నొక్కింది. పెదవులు కదిలాయి, గొంతు మాత్రం రాలేదు.

గుమ్మంలోంచి ఆ పెదవులు చదివాను. అమ్మ పక్కన పెట్టేశాక ఫోను తీసి చూస్తే తెరమీద అవే మాటలు.

"లావణ్యా, ఒక్కసారి రా బిడ్డా."

గొంతే రాలేదు కదా, ఫోను ఎలా రాసుకుంది? మనం అడిగినవన్నీ ఫోను దాచుకుంటుందని తెలుసు. ఆ జాబితా తెరిచాను. నెలల తరబడి, ప్రతి శుక్రవారం, అదే మాట. ఒక్కొక్క రికార్డింగూ నొక్కి విన్నాను. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అక్కకు ఫోన్ చేశాను. సాయంత్రానికే వచ్చింది.

ఆపరేషన్ అయ్యాక పక్క మంచం ఆమెతో అమ్మ గొప్పగా చెప్పుకుంది. "నేనే పిలిచిన. పిలిస్తె రాకుంటదా?"

గొంతు లేకుండా మైకు ఏమీ రాయదని మొబైల్ షాపతను అన్నాడు. మరి అది ఎలా విన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. పెదవులు చదవడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. ఒకే గదిలో ఉంటూ ఆ రోజు దాకా పదకొండేళ్ళలో ఒక్క శుక్రవారమైనా అమ్మ ముఖం వంక చూడలేదు నేను. సిగ్గేస్తుంది.