బాయి గేటు దగ్గర అమ్మ పాట

మొన్న బసంత్‌నగర్ దాటాక వానలో మా బస్సు ఒక లారీ వెనక ఆగిపోయింది. టార్పాలిన్ కింద తడిసిన బొగ్గు వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్క సీటాయన ముక్కు మూసుకున్నాడు, నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఆ వాసన తగిలితే చాలు, గోదావరిఖనిలో మా రెండు గదుల క్వార్టర్ ముందు గౌను వేసుకుని నిలబడ్డ పిల్లనైపోతాను. దానికి నేనేమీ సిగ్గుపడను.

తెల్లవారకముందే ఇంటింటి ముందూ బొగ్గుల పొయ్యిలు రాజుకుని, ఆ పొగ వీధి మొత్తం కమ్ముకుని, పొగలోంచి దగ్గులూ తిట్లూ సర్వపిండి కాలుతున్న వాసనా కలిసి వచ్చేవి. మధ్యాహ్నం భూమి లోపల మందు పేల్చితే గూట్లో గిన్నెలు గలగలమనేవి. పొద్దున ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగు తేలేవి. దసరా నాటి సకినాలు డబ్బాలో మెత్తబడకముందే అచ్చనగాయల ఆటలో పందెం కింద మా చేతులు మారేవి. మాకు గడియారం సైరనే. సైరన్ మోగితే బడి, సైరన్ మోగితే అన్నం, సైరన్ మోగితే నాన్న. బొగ్గు గనిని మేము బాయి అంటాం. వేళకు మోగే సైరన్‌ని ఎవరూ పట్టించుకునేవారు కాదు కానీ, వేళ కాని వేళ మోగిందంటే బాయిలో ఏదో జరిగిందన్నమాట. అప్పుడు ఆడవాళ్లు ఎవరినీ ఏమీ అడగరు. కూర పొయ్యి మీదే ఉంటుంది, వాళ్లు బాయి గేటు దగ్గర ఉంటారు.

ఒక యేడు చలి మొదలవుతుండగా మా కాలనీకి అమెరికా పాటగాళ్లు వస్తున్నారని తెలిసింది. ఒక జీపు, ఇద్దరు మనుషులు. నిన్న బసంత్‌నగర్, ఇవాళ మేము, రేపు నస్పూర్, అంతే వాళ్ల యాత్ర. పెద్దాయన పేరు శామ్యూల్, నెరిసిన గడ్డం, మా నాన్న షిఫ్టు దిగి వచ్చినప్పటి రంగు. ఆయన గిటారు, మౌత్ ఆర్గాన్ వాయిస్తే భార్య ఫిడేలు వాయిస్తుంది. బ్లూస్ అంటారట, పత్తిచేలల్లో కూలీలు పాడుకున్న పాటలట. వాళ్లను పిలిపించిన మా బడి ఇంగ్లీషు టీచరమ్మ, అతిథులు పాడాక మనవాళ్లు కూడా ఒకరు పాడాలంది. ఎవరు పాడాలో అడగనవసరం లేదు. మా అమ్మ రామగిరి వైపు పల్లెలో పుట్టింది, నాట్లలో ముందు పాట ఎత్తుకునే మనిషి. పెళ్లిచూపులకు వస్తూ పొలం గట్టు మీద ఆ గొంతు వినే నాన్న ఒప్పుకున్నాడట. ఆ తర్వాత మళ్లీ వినలేదు. బతుకమ్మకు పాడినా, చుట్టాల పెళ్లిలో పాడినా, అమ్మ పాడిన ప్రతిసారీ ఆయన భూమి లోపలే ఉన్నాడు.

ఈసారి తప్పకుండా వస్తానన్నాడు. శనివారం ఇంటికొచ్చి తల గోక్కున్నాడు.

"రేపు ప్లేడే పడ్డదే. మొదటి షిఫ్టు." ఆదివారం డ్యూటీని ప్లేడే అంటారు.

"అయితే నేను పాడ," అంది అమ్మ.

"ఊరంత ఇంటది. నేనొక్కన్ని ఇనకుంటే ఏమాయె?"

"గదే, నువ్వొక్కనివే ఇనకపోతివి," అని అమ్మ అటు తిరిగి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పాడనంటూనే ఎర్ర పట్టుచీర కట్టుకుని బయల్దేరింది. "పాడనిదానివి గంత మంచి చీరెందుకే?" అంది పక్కింటి కనకవ్వ. క్లబ్బు గ్రౌండులో షామియానా వేశారు. అందరం చెప్పులు విడిచి జంపఖానాల మీద కూర్చున్నాం. ఒక్క మాట అర్థం కాకపోయినా, శామ్యూల్ ఒక ముక్క అంటే ఆయన భార్య అదే ముక్క తిప్పి అంటుండేసరికి కనకవ్వ ముందుకు జరిగి కూర్చుంది. "ఇది మన నాట్ల పాటలెక్కనే ఉన్నదేందే!"

అప్పుడు ఆయన గిటారు పక్కన పెట్టి, మౌత్ ఆర్గాన్ మైకుకు ఆనించి, స్టేషన్‌లోంచి కదిలే రైలును వాయించబోయాడు. ముందుగా రైలు కూత. లౌడ్‌స్పీకర్లలోంచి సన్నగా మొదలై లేచి, అక్కడే నిలబడి, ఎంతకీ ఆగని కూత.

ఎవరూ అరవలేదు. ఆడవాళ్లందరూ ఒక్కసారే లేచారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉత్తకాళ్లతో పరుగెత్తింది. నేను వెనక్కి తిరిగి చూస్తే షామియానా కింద చెప్పులు, స్టేజీ మీద నోరు తెరిచిన ఆ ఇద్దరూ మిగిలారు.

బాయి గేటు దగ్గర వాచ్‌మన్ అదిరిపడ్డాడు. "ఏంది, అందరు గిట్ల ఉరికొచ్చిండ్రు?"

"సైరన్ గొట్టిండ్రు గద!"

"ఎవలు గొట్టిండ్రు? నేనైతె కొట్టలే."

అమ్మ గేటు కమ్మీలు వదల్లేదు. "మా ఆయనను సూపియ్యి, అప్పుడు నమ్ముత."

కాసేపటికి టీచరమ్మను ఎక్కించుకుని పాటగాళ్ల జీపు వచ్చింది. వెనక సీటు నిండా మా చెప్పులే. శామ్యూల్ దిగి, గేటును పట్టుకున్న ఆడవాళ్లను చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆయనకు అర్థమైపోయింది. టీచరమ్మ చెవిలో ఏదో అంటే ఆమె మాకు తెలుగులో చెప్పింది. "ఈయన నాయిన గూడ బొగ్గుబాయిలనే చేసిండట. వాళ్లమ్మ గూడ గిట్లనే ఉరికేదట. తప్పు నాదే అంటున్నడు."

అంతలో అసలు సైరన్ మోగింది. షిఫ్టు దిగింది. ఒక్కొక్కరే పైకి వచ్చి, గేటవతల కాలనీ మొత్తాన్ని చూసి ఆగిపోతున్నారు. నాన్న, తలదీపాలు అప్పజెప్పే లాంపు రూము మెట్ల మీద కనబడ్డాడు. "ఏందిర బయ్, ఎవలన్న మంత్రి వస్తున్నడా?"

అమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, మెట్ల వైపు చెయ్యి చూపించింది.

"ఇప్పుడొచ్చినవు గద. నిలవడి ఇను."

*ఎగిలివారంగ పోయినోడ, పొద్దుగూకక ముందె రా.*

కనకవ్వ అందుకుంది. తర్వాత ఆడవాళ్లందరూ అందుకున్నారు. శామ్యూల్ జీపులోంచి గిటారు తీసి, దాని మీద ఆ గొంతు దారి వెతుక్కుంటూ వచ్చి, రెండో చరణానికి కలిశాడు. నాన్న పాట అయ్యేదాకా మెట్టు దిగలేదు. మంచి ఎండలో ఆయన తలమీది దీపం వెలుగుతూనే ఉంది, ఆర్పడం మరిచిపోయాడు. మా అమ్మ అంత బాగా ఇంకెప్పుడూ పాడలేదని నేను ఇవాళ కూడా ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ పాటగాళ్లు మళ్లీ రాలేదు. బొగ్గుల పొయ్యిలు పోయాయి. ఆ బాయి మూతపడి ఓపెన్‌కాస్ట్ వచ్చింది. పైనుంచి తవ్వుకుంటూ పోయే ఆ గనిలో మా క్వార్టరూ, క్లబ్బు గ్రౌండూ, గేటూ అన్నీ కలిసిపోయాయి. మొన్న బస్సు దిగిన మర్నాడు అమ్మానాన్నలను ఆ గని పక్కన పోసిన మట్టి గుట్ట మీదికి తీసుకెళ్లాను. కింద ఎంతో లోతున డంపర్లు తిరుగుతున్నాయి. మేమంతా నిలబడ్డ నేల ఇప్పుడు లేదు, అక్కడ ఉన్నది గాలే.

నాన్న చెయ్యి చాపి ఆ గాలిలోకి చూపించాడు. "అగో, గాడ నిలవడి పాడింది మీ అమ్మ."

"గాడ కాదు," అంది అమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని కాస్త ఎడమకు జరుపుతూ. "గాడ నువ్వున్నవు."