తాళాలేసిన ఊరికి విదేశీ బృందం

2006లో నేను కర్నూలులో పరిశ్రమల వ్యవహారాలు చూసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాను. పెట్టుబడి పెట్టడానికి వచ్చే విదేశీ కంపెనీల ముందుంచే ఫైలు తయారుచేయడం నా పని. చౌకగా భూమి, కరెంటులో రాయితీ, కొన్నేళ్లు పన్ను మినహాయింపు, అనుమతులన్నీ ఒకేచోట ఇచ్చే సింగిల్ విండో. పెళ్లిచూపులకు పిల్లను ముస్తాబు చేసినట్టు జిల్లాను ముస్తాబు చేసేవాళ్లం. పక్క రాష్ట్రాలవాళ్లూ అదే పనిలో ఉండేవారు.

ఆ ఏడాది బట్టలు కుట్టే ఒక విదేశీ కంపెనీ కోసిగి దగ్గర స్థలం చూస్తామంది. అక్కడి రైతు ఈరన్న అందరికంటే ముందు తన నాలుగెకరాలు ఇస్తానని సంతకం పెట్టాడు. రేటు కూడా అడగలేదు. ఆయన కొడుకూ కోడలూ ఏటా మిరప కోతలకు గుంటూరు వలస పోతారు.

"కంపెనీ వస్తే మావోళ్లు ఈడనే ఉంటారు సార్. నాకు అంతే సాలు" అన్నాడు.

ఎండలు ముదరకముందే రప్పిస్తే అతిథులకు సుఖమని ఫిబ్రవరి ఎంచింది నేనే. ఫైలులో 'కూలీలకు కొదవలేదు' అని రాసిందీ నేనే. మిరప కోతలకు ఆ నెలలో ఊరు ఊరంతా గుంటూరులో ఉంటుందని, ఈ జిల్లాలోనే పుట్టి పెరిగిన నాకు తట్టలేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కంపెనీ బృందంతో మేం కార్లు దిగేసరికి వీధి పొడుగునా తలుపులకు తాళాలు. అరుగుల మీద ముసలివాళ్లు. బృందంలో ఒకావిడ, పనిచేసే వయసువాళ్లు ఎక్కడని అడిగింది. మా పెద్దసారు పన్ను మినహాయింపు గురించి చెప్పబోయారు. ఆవిడ మళ్లీ అదే అడిగింది. మిరప చేలల్లో ఉన్నారని, కోతలయ్యాక వస్తారని చెప్పాను. రాసుకుంది.

రెండు నెలలకు ఉత్తరం వచ్చింది. ఏడాది పొడుగునా మనుషులు దొరికే చోటు చూసుకున్నామని మర్యాదగా రాశారు. ఈరన్నకు ఆ మాట చెప్పడానికి నేనే వెళ్లాను. నెల ఎంచిన తప్పు నాదేనని కూడా చెప్పాను. తిట్టినా బాగుండేది. ఆయన తన చేను వైపు చూశాడు.

"కంపెనీ లేదని మావోళ్లు పోతాండారు. వీళ్లు లేరని కంపెనీ రాలేదు. ఇంగ మేమేం చేసేది సార్?"

ఆ తర్వాత ప్రతి ఫైలులోనూ, మనుషులు ఏయే నెలల్లో ఊళ్లో ఉంటారో, ఎందుకు ఉండరో రాశాను. మనం ఇచ్చే రాయితీలతోపాటు మన మనుషుల బతుకూ చెప్పాలని నేర్చుకోవడానికి నాకు ఒక ఊరి ఆశ ఖర్చయింది.

మరుసటేడు కోతలకు ముందు ఈరన్న బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చాడు. "ఈసారి యే నెలలో వస్తారో ముందే చెప్పు సార్. మావోళ్లను ఆపుకుంటా" అన్నాడు.

ఆ ఏడాది ఎవరూ రావడం లేదని నాకు తెలుసు. అయినా తెలిశాక కబురు చేస్తానన్నాను.