కుళ్ళాయప్ప పూచీ

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లకు కొదవ లేదు గానీ, మగ్గం దిగి తిన్నగా హాకీ గ్రౌండుకు పోయే మనిషి కుళ్ళాయప్ప ఒక్కడే. అరవై దాటినా వీధిలో పిల్లల్ని పోగేసి క్లబ్బు నడుపుతూనే ఉన్నాడు. ఇంట్లో ఎంత పిలిచినా పలకని మనిషికి గ్రౌండులో విజిల్ మాత్రం ఎట్లా వినపడుతుందని భార్య జయమ్మ చాలాసార్లు అడిగింది. ఆయన విజిల్ మెడలో వేసుకుని గ్రౌండుకు నడిచేవాడు.

ఆ క్లబ్బుకు ఒక కట్టుబాటు ఉంది. బయటి ఊరి ఆటగాణ్ణి చేర్చుకోవాలంటే లోపలివాళ్లలో ఒకరు పూచీగా నిలబడాలి. కొత్తవాడు తప్పు చేసి ఎన్ని ఆటలకు దూరమైతే, పూచీ ఉన్నవాడు కూడా అన్ని ఆటలకు గ్రౌండులో అడుగు పెట్టకూడదు, దూరం నుంచి ఆట చూడనూ కూడదు. ఇది పెట్టింది కుళ్ళాయప్పే. ఒకనాడు తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు అనుకోలేదు పాపం.

హిందూపురం హరీష్ సంగతి వచ్చేసరికి జట్టులో ఒక్కరూ పూచీకి ముందుకు రాలేదు. బంతి వాడి మాట వింటుంది. వాడి కోపం మాత్రం ఎవరి మాటా వినదు. నిరుడు పెనుకొండ జట్టుకు ఆడుతూ ధర్మవరం కెప్టెన్ గోపాల్ ముందుపన్ను విరగ్గొట్టాడు. ఆ తర్వాత పెనుకొండవాళ్లతోనూ తగువు పెట్టుకుని మధ్యలోనే వెళ్లిపోయాడు.

"వాడొస్తే గెలుస్తాం, కాదన్ను. వాడికి యాడ మండుతాదో ఎవరికి తెల్సు మామా?" అన్నాడు గోపాల్.

కుళ్ళాయప్ప మూడు రోజులు ఆలోచించాడు. గోపాల్ మాటలో అబద్ధం లేదు. అయినా ఒక ఆటలో హరీష్ బంతి పోగొట్టుకుని, ఎవరినీ తిట్టకుండా గ్రౌండు పొడుగునా పరిగెత్తి దాన్ని మళ్లీ తెచ్చుకోవడం ఆయన కళ్లారా చూశాడు. పోగొట్టుకున్నదాని వెంట అట్లా పరిగెత్తేవాడు పూర్తిగా చెడిపోయినవాడు కాదనిపించింది. పైగా ఇరవై ఏళ్లుగా ఆ జట్టు ఫైనల్ మొహం చూడలేదు. ఆ ఆశ కూడా ఆయన్ని ముందుకు తోసిందని ఒప్పుకోవాలి.

"ఎవరూ లేకుంటే నేనే నిలబడతాండా" అన్నాడు నాలుగో రోజు.

ఆ ఏటి టోర్నమెంటులో హరీష్ మూడు ఆటలు బుద్ధిగా ఆడాడు. సెమీఫైనల్లో రెండు గోల్స్ కొట్టాడు. ఇక రెండు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, అంపైర్ ఏదో ఫౌల్ ఇచ్చాడని ఆయన్ని రొమ్ము మీద చెయ్యేసి తోశాడు. ఎర్ర కార్డు పడింది. జట్టు ఫైనల్‌కు చేరింది గానీ అందులో హరీష్ లేడు, కట్టుబాటు ప్రకారం కుళ్ళాయప్పా లేడు.

"నువ్వు పెట్టిందే గదా మామా, ఈ ఒక్కసారికి వదిలేయ్" అన్నారు జట్టులోవాళ్లు.

"నేను పెట్టినా గాబట్టే నేను తప్పగూడదు" అన్నాడాయన.

ఫైనల్ రోజు మధ్యాహ్నం ఆయన మగ్గం ముందు కూర్చున్నాడు. గ్రౌండు రెండు వీధుల అవతలే. విజిల్ మోగినప్పుడల్లా చెయ్యి ఆగిపోతోంది. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన ఆట అక్కడ జరుగుతుంటే ఇక్కడ దారం చూస్తూ కూర్చోవడం ఆయనకు నరకంగా ఉంది. అంతలో హరీష్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నన్ను తిట్టు మామా."

"తిడితే ఆట కనపడతాదా నాకు?"

హరీష్ మిద్దెక్కాడు. పైనుంచి గ్రౌండు కనిపిస్తుంది. ఆట ముగిసేదాకా బంతి ఎటు పోతే అటు కిందికి కేకేసి చెబుతూనే ఉన్నాడు. చూడకూడదు గానీ వినకూడదని ఎవరూ రాయలేదు కదా అని జయమ్మ కిటికీ తెరిచింది. దిగి వచ్చేసరికి వాడి గొంతు బొంగురుపోయింది.

"ఒక గోల్‌తో ఓడిపోయినాం. నేనుండాల్సిన జాగాలోంచే వచ్చినారు వాళ్లు" అన్నాడు. ఏమీ దాచుకోలేదు.

మరుసటి ఆదివారం హరీష్‌ను ఉంచుకోవాలా వద్దా అని జట్టు కూర్చుంది. తప్పు జరిగాక పాత పూచీ చెల్లదు, ఇంకొకరు నిలబడాలి. కుళ్ళాయప్పకు చెయ్యెత్తే హక్కు లేదు. ఒక్కొక్కరి మొహమే చూశాడు. అందరూ తలలు దించుకున్నారు. హరీష్ తన హాకీ కర్ర తీసుకుని లేచాడు.

"కూచో" అన్నాడు గోపాల్. "నేను నిలబడతాండా."

"నీ పన్ను విరగ్గొట్టింది వీడే గదప్పా" అన్నారెవరో.

"నేను నిలబడేది వీడి కోసం కాదు. ఫైనల్లో బంతి పోయినప్పుడల్లా మామ నిలబడే గీతకాడికి చూసినా. మామ ల్యాకపోయె. ఇంగోసారి అట్ల ఆడడం నా చేత కాదు. ఈసారి వీడు తప్పు చేస్తే నేను బయట కూచుంటా. మామ మాత్రం ఈడనే ఉండాల."

కుళ్ళాయప్పకు ఏడుపు ఆగలేదు, దాచుకోవాలనీ చూడలేదు. హరీష్ తన కర్రను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"నాకు భయంగా ఉండాదన్నా" అన్నాడు గోపాల్‌తో, చాలా మెల్లగా.

వాడి నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. కుళ్ళాయప్ప పైపంచెతో కళ్లు తుడుచుకుని, మెడలో విజిల్ తీసి ఊదాడు. అందరూ లేచి గ్రౌండులోకి నడిచారు.