సూర్యలంక గాలికి ఎదురు విసిరిన డిస్కులు

"వాళ్ళిద్దర్నే పంపిస్తే తిరిగొచ్చేది ఒక్కరేనక్కా, నువ్వు కూడా వెళ్ళు" అంది మా చెల్లెలు సునీత. తనకి స్కూల్లో పరీక్షల డ్యూటీ పడింది. అలా ఓ శనివారం పొద్దున్నే తెనాలి స్టేషన్లో ఒంగోలు వైపు వెళ్ళే పాసింజరు ఎక్కాను. నాతో పాటు సునీత కూతురు షారోన్, సునీత భర్త ప్రభాకర్.

షారోన్ డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో డిస్క్ గోల్ఫ్ ఆడుతుంది. ప్లాస్టిక్ డిస్కుని దూరంగా ఉన్న ఇనప బుట్టలోకి విసరాలి. ఎవరు తక్కువ విసుర్లతో వేస్తే వాళ్ళు గెలిచినట్టు. మధ్యాహ్నం రేపల్లెలో పోటీ. గెలిచిన ఒక్కరిని బెంగళూరు పంపిస్తారు. ప్రభాకర్ ఏమో కోచ్. ఎవరూ పెట్టుకోలేదు, తనే చేరిపోయాడు. ఉద్యోగం బీమా ఆఫీసులో, చదువు యూట్యూబ్‌లో.

తెనాలి నుంచి రేపల్లెకి నేరుగా రైలుంది. కానీ పిల్ల సముద్రపు గాలిలో ప్రాక్టీసు చెయ్యాలని కోచ్ గారి పట్టుదల. తెనాలి నుంచి రేపల్లెకి బాపట్ల మీదుగా వెళ్ళిన మొదటి కుటుంబం మాదే అయ్యుంటుంది.

చుండూరు దాటాక ఎదురు సీట్లో ఉన్న పెద్దావిడ డిస్కుల వంక చూసింది.

"ఏంటి బాబూ ఇవి, పళ్ళాలా?"

"కాదండి. ఓవర్‌స్టేబుల్ మిడ్‌రేంజ్ డిస్కులండి" అన్నాడు ప్రభాకర్.

"అన్నం పెట్టుకోవచ్చా?"

"లేదండి. మధ్య దూరాలకి విసిరేవండి. ఎంత ఎదురుగాలి కొట్టినా తిరగబడవు, చివర్లో ఎడమకి వాలతాయి, అంతే" అని మొదలుపెట్టి నిడుబ్రోలు దాకా ఆపలేదు. ఆవిడ అక్కడే దిగిపోయింది. నిజానికి ఆవిడ దిగాల్సింది బాపట్లలో అని నా అనుమానం.

బాపట్ల స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. కారప్పొడి బావుంది, చట్నీ అడక్కండి. అక్కణ్ణుంచి సూర్యలంకకి ఆటో. వెళ్ళేవాళ్ళు తిరుగు ప్రయాణం కూడా ముందే మాట్లాడుకోండి, ఎండలో బేరం కుదరదు.

సముద్రం ఎడమ పక్కన ఉండేలా నిలబడ్డాం. కోచ్ గారు ముందు తనే విసిరి చూపిస్తానన్నారు. మణికట్టు సుతారంగా తిప్పి వదిలారు. డిస్కు నాలుగు బారలు పోయి, ఎడమకి ఒరిగి, నీళ్ళలో పడి మునిగిపోయింది.

"ఇది ఫ్యాక్టరీ లోపం వదినా" అన్నాడు. రెండోదానికీ అదే లోపం వచ్చింది.

షారోన్ చెప్పులు విడిచి, నడుం తిప్పి, ఒళ్ళంతా బలం పెట్టి విసిరింది. ఆ డిస్కు గాలిని చీల్చుకుంటూ తాడు కట్టి లాగినట్టు తిన్నగా పోయి, చాలా దూరాన ఎడమకి ఒరిగి ఇసకలో వాలింది. పల్లీలు తింటున్న ఒకాయన చప్పట్లు కొట్టాడు.

"అంత మొరటుగా కాదమ్మా. మెల్లిగా, మణికట్టుతో" అన్నాడు తండ్రి.

ఆ పిల్ల అలాగే మెల్లిగా విసిరింది. డిస్కు సముద్రంలో పడింది.

"ఆఁ, ఇప్పుడు దారిలో పడ్డావు!" అన్నాడు.

ఈ ఆట నాకు తెలీదు. కానీ బలంగా విసిరితే తప్ప ఆ డిస్కు ముందుకు పోదని నాకే అర్థమైంది. అతనికి అర్థం కాలేదు, అన్ని వీడియోలు చూశాడు మరి.

బాపట్ల నుంచి చెరుకుపల్లి మీదుగా రేపల్లెకి బస్సు. దారి పొడుగునా కోచ్ గారు కూతురి చెయ్యి పట్టుకుని మణికట్టు తిప్పుతూనే ఉన్నారు. కండక్టరు "పాపకి చెయ్యి బెణికిందాండి?" అని అడిగాడు. రేపల్లెలో బస్టాండ్ పక్క మెస్సులో భోంచేశాం. చేపల పులుసు కోసమైనా ఆ ఊరు వెళ్ళొచ్చు.

పోటీ ఓ కాలేజీ మైదానంలో. చెట్ల మధ్య బుట్టలు పాతారు. షారోన్ విసిరిన ప్రతిసారీ హద్దు గీత అవతల నుంచి "మణికట్టూ!" అని కేక. సగం ఆట అయ్యేసరికి పిల్ల బాగా వెనకపడింది. విరామంలో నా దగ్గరికి వచ్చింది. కళ్ళలో నీళ్ళు, గొంతులో కోపం.

"పెద్దమ్మా, నాన్నని ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళిపో."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. అలసిపోయావు, మంచినీళ్ళు తాగు అన్నాడు."

వెంటనే కుర్చీలో కూలబడి, కళ్ళు తిరుగుతున్నాయన్నాను. ప్రభాకర్ హడలిపోయాడు. మనిషి మంచివాడే, అదే చిక్కు. నన్ను చెయ్యి పట్టుకుని గేటు అవతల సోడా బండి దగ్గరికి నడిపించి, నిమ్మసోడా తాగించి, చేతిలో ఉన్న డిస్కుతో నాకు గాలి విసిరాడు. ఆయన చేతిలో ఓవర్‌స్టేబుల్ డిస్కు సరిగ్గా పని చేయడం నేను చూసింది అప్పుడే.

"ఇప్పుడెలా ఉంది వదినా?" అని అడిగినప్పుడల్లా ఇంకా తిరుగుతున్నాయన్నాను.

మేం తిరిగి గేటులోకి వచ్చేసరికి పిల్ల ముందున్నవాళ్ళని అందుకుంది, చివరి బుట్ట ఒక్కటే మిగిలింది. అది ఎడమ పక్క నీళ్ళ ట్యాంకు వెనకాల ఉంది, నేరుగా కనపడదు. షారోన్ ఒళ్ళంతా తిప్పి విసిరింది. డిస్కు ట్యాంకు దాటి, అప్పుడు తీరిగ్గా ఎడమకి తిరిగి, బుట్ట పక్కనే పడింది. ఇంకో విసురుతో ఆట గెలిచింది.

"చూశావా వదినా? అంతా మణికట్టులోనే ఉంది" అన్నాడు ప్రభాకర్.

సాయంత్రం రేపల్లె పాసింజర్లో సీట్లు తేలిగ్గానే దొరికాయి. భట్టిప్రోలు వచ్చేలోగా పెట్టెలో సగం మందికి ఆయన శిక్షణ గురించి తెలిసిపోయింది.

"మీరూ ఆడతారాండి?" అని ఎవరో అడిగారు.

"లేదండి, తయారు చేస్తాను" అన్నాడు. కూతురి వైపు తిరిగి, "బెంగళూరుకి తోడు ఒకరు రావచ్చన్నారుగా, మనిద్దరికీ టికెట్లు చూస్తా" అన్నాడు.

"నాన్నా, నాతో అమ్మ వస్తుంది."

"అమ్మకి ఈ ఆట గురించి ఏం తెలుసు?"

"ఏమీ తెలీదు. అందుకే."

ఆయన నవ్వబోయాడు. పిల్ల నవ్వలేదు. కాసేపటికి నా వైపు వంగి, "ఇందాక నిజంగానే కళ్ళు తిరిగాయా వదినా?" అన్నాడు.

"లేదు మరిదిగారూ" అన్నాను.

అప్పుడు వేమూరు దాటుతున్నాం. ఆయన కిటికీలోంచి పొలాల వంక చూస్తూ కూర్చున్నాడు. పాపం అనిపించింది. అయినా ఉన్నమాట చెప్పాలి. సముద్రం బావుంది, చేపల పులుసు ఇంకా బావుంది. ఆ రోజంతటిలో నాకు హాయిగా అనిపించింది మాత్రం వేమూరు నుంచి తెనాలి దాకా సాగిన ఆ నిశ్శబ్దమే. షారోన్ నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.